రాజన్న బిగించిన నట్టు

నా కాలి సంగతి అడిగిన ప్రతివాడికీ చెప్పీ చెప్పీ ఇప్పుడు నోరు నొప్పెడుతోంది. కాలు నొప్పి తగ్గింది. ఇక నోటినైనా కాపాడుకుందామని ఇది రాస్తున్నాను. మస్కట్‌కు రాబోయే తమ్ముళ్లు చదివితే మంచిది. చదవకపోతే మీ ఇష్టం, ఎముకలు మీవి.

ముందే ఒక మాట. ఇందులో ధైర్యం, ఓర్పు, దైవకృప లాంటివి వెతక్కండి. ఉన్నదంతా కోపమే. డాక్టరు నా తుంటి ఎముకలోంచి మజ్జ తీసినప్పుడు సిరంజిలోకి కాస్త అది కూడా వచ్చే ఉంటుంది.

1994 జూన్

మా కంపెనీ అజైబాలో ఒక అపార్ట్‌మెంట్ కడుతోంది. భవనం చుట్టూ ఇనుప పైపులు నిలబెట్టి, క్లాంపులతో బిగించి, పలకలు పరిచి ఇవ్వడం మా గ్యాంగ్ పని. మేస్త్రీలు వాటి మీద నిలబడి ప్లాస్టరింగ్ చేస్తారు. మన దగ్గర బొంగులతో కట్టే పరంజానే, ఇక్కడ ఇనుముతో కడతాం, అంతే తేడా.

గ్యాంగ్‌కు పెద్ద రాజన్న. ఆర్మూరు దగ్గర పల్లె. మా ఊరికీ వాళ్ల ఊరికీ మధ్య ఒక బస్సు దూరం. నడుముకు ఎప్పుడూ పానా వేలాడుతుండేది. స్నానానికి వెళ్లినప్పుడు తప్ప అది ఆయన ఒంటి మీద లేకుండా నేను చూడలేదు. మా గ్యాంగ్‌లో ఉన్నది ఒకే చట్టం, అదీ రాజన్న పెట్టిందే. లూజుగా ఉన్న నట్టు ఎవడి కంట పడితే వాడే బిగించాలి. అది ఎవడి పని, ఎవడు వదిలేశాడు అని అడగకూడదు. ముందు బిగించాలి, తర్వాత తిట్టుకోవచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ పైకెక్కాను. నేను అన్నం తింటుండగా పరంజాను గోడకు పట్టి ఉంచే పైపులు కొన్ని మాయమయ్యాయి. రుసైల్‌లో కంపెనీ గోడౌన్ ఒకటి కడుతోంది, అక్కడ పైపులు తక్కువ పడ్డాయట. మా ఫోర్‌మన్ ఇక్కడివి ఊడదీయించి అక్కడికి పంపాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, నేను నిలబడ్డ పలక నన్ను వదిలేసి వేరే పని చూసుకోవడానికి వెళ్లిపోయిందని.

పడుతున్నప్పుడు జీవితమంతా కళ్ల ముందు కదిలిందని రాస్తే బాగుంటుంది. కదల్లేదు. సిమెంటు మిక్సరొకటి కనిపించింది, దాని పక్కన ఎవడిదో టిఫిన్ డబ్బా కనిపించింది.

కింద పడ్డాక మొదట వచ్చింది ఫోర్‌మన్. మొదట అడిగింది, “హెల్మెట్ ఏదీ?” అని. హెల్మెట్ నా తల మీదే ఉంది. విరిగింది కాలు. కాలికి తొడిగే హెల్మెట్ కంపెనీ ఇవ్వలేదు.

తర్వాత రాజన్న వచ్చాడు. నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాగకుండా ఉండలేని మనిషి, ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. నా మీద ప్రేమ అనుకున్నాను.

1994, చలికాలం వచ్చేదాకా

మోకాలి కింది నుంచి పాదం దాకా పిండి కట్టు వేసి లేబర్ క్యాంపులోని మా రూమ్‌కు పంపారు. పైబంకు నాది, కింది బంకు రాజన్న ఇచ్చాడు. ఇచ్చాడంటే అడిగి ఇవ్వడం కాదు, నేను వచ్చేసరికి ఆయన పరుపు పైన ఉంది, నాది కింద ఉంది.

శుక్రవారం శుక్రవారం చూడటానికి వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతివాడూ ఒకటే మాట. “పెద్ద గండం తప్పింది, చిన్నదాంతో పోయింది.” చిన్నది ఎవరి కాలు అని అడిగేవాణ్ని. ఒకాయన నా మంచం మీద కూర్చుని, ఇలాగే కాలు విరిగి పోయినవాళ్ల కథలు వరసగా చెప్పి, నేను పెట్టిన ఛాయ్ తాగి, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్లాడు.

ఇంటికి మాత్రం కాలు బెణికిందని చెప్పాను. సెలవు మీద వెళ్లిన మా ఊరివాడు ఒకడు అమ్మకు నిజం చెప్పేశాడు. అమ్మ క్యాసెట్ పంపింది. ఒక సైడ్ అంతా తిట్లు. రెండో సైడ్ తిప్పి వేస్తే మాటే లేదు, వాకిట్లో కోళ్ల అరుపులు. రికార్డు నొక్కి అలా ఎదురుగా కూర్చున్నట్టుంది. తిట్ల సైడ్ చాలాసార్లు విన్నాను. రెండోది ఒక్కసారే.

చలికాలంలో కట్టు కోశారు. లేచి నిలబడమన్నారు. మోకాలికీ మడమకూ మధ్య, దేవుడు కీలు పెట్టని చోట, నా కాలు వంగింది.

“బాగుంది,” అన్నాను. “ఇప్పుడు రెండు మోకాళ్లు అయ్యాయి.”

ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

1995 జనవరి, బౌషర్

బౌషర్‌లోని ఆస్పత్రికి పంపారు. కంపెనీ పికప్ నడిపే ఖాజా భాయి తీసుకెళ్లేవాడు. కడప మనిషి. రోడ్డు మీద గతుకు కనిపిస్తే చాలు, “గట్టిగా పట్టుకో మల్లేశూ, ముందర గుంత ఉండాది,” అని బండిని ఎంత నెమ్మదిగా దించేవాడంటే, వెనక వచ్చేవాళ్లు హారన్లు కొట్టి కొట్టి అలసిపోయేవాళ్లు. ఈ కథలో నాకు కోపం రాని మనుషులు కొద్దిమంది. ఖాజా భాయి ఒకడు.

డాక్టర్ సాలిం ఇంకొకడు. ఆయన మీద కోపం తర్వాత వచ్చింది. ఒమానీ మనిషి, డాక్టరు చదువు పుణెలో చదివాడు, అందుకని హిందీ వచ్చు. హిందీ సినిమాలు చూశాడు, అందుకని ఇంకా బాగా వచ్చు. ఆయన మాటల్ని నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఎక్స్‌రే పైకెత్తి చూపించాడు. “ఎముక అతుక్కునే పని మానేసింది. రెండు ముక్కలూ ఎదురెదురుగా కూర్చున్నాయి, మాటల్లేవు.”

“మా అన్నావదినల్లాగా,” అన్నాను. నవ్వాడు.

“అతుక్కోకపోతే ఏమవుతుంది సార్?”

ఈసారి నవ్వలేదు. “ఈ కాలు ఊరికే వేలాడుతూ ఉంటుంది. కొన్నాళ్లకు తీసేయమని నువ్వే అడుగుతావు.”

“ఊరికి పోయి చూపించుకుంటే?”

“నేను చేద్దామనుకుంటున్నది అక్కడ చేసేవాళ్లుండొచ్చు, పెద్ద నగరాల్లో. నువ్వు వాళ్లను వెతికి పట్టుకునేదాకా నీ కాలు ఆగదు. మొదలుపెడితే ఇక్కడే పూర్తి కావాలి. మధ్యలో మీ కంపెనీ నిన్ను విమానం ఎక్కించకుండా చూసుకో.”

అదీ సంగతి. ఎముక ముందా, విమానం ముందా.

డాక్టరు ఒక చిన్న సీసా చూపించాడు. అందులో తెల్లటి రవ్వలు. సముద్రంలో పెరిగే పగడమట, శుభ్రం చేసి ఇలా చేస్తారట. దాని నిండా కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలు. నా తుంటిలోంచి మజ్జ తీసి ఈ రవ్వలను అందులో నానబెట్టి, ఎముక ముక్కల మధ్య కూరుతాడు.

“మజ్జలో కొన్ని కణాలుంటాయి,” అన్నాడు. “ఇంకా ఏ పనీ నేర్చుకోనివి. ఎక్కడ పెడితే అక్కడి పని పట్టుకుంటాయి. ఈ రంధ్రాల్లోకి ఎక్కి కూర్చుని ఎముక కట్టడం మొదలుపెడతాయి. కట్టాక పగడం మెల్లగా కరిగిపోతుంది. నీ ఎముక మిగులుతుంది. పగడం ఉత్త పరంజా. నీకు చెప్పాలా?”

“ఆ కణాలు అచ్చం మాలాగే సార్. నేను మేస్త్రీ వీసా మీద వచ్చాను. దిగగానే చేతికి పైపు ఇచ్చారు.”

“మరి పని నేర్చుకున్నావా లేదా?”

“నేర్చుకున్నాను. అందుకే ఇక్కడున్నాను.”

1995, రంజాన్ నెల

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గరేం లేదు, నేను నిద్రపోయాను. లేచేసరికి కాలి కంటే తుంటి ఎక్కువ నొప్పి. మటన్ వండినప్పుడు మజ్జ ఉండే మూలుగ బొక్క కోసం రాజన్నా నేనూ కొట్లాడుకునేవాళ్లం. ఆ రోజు నుంచి బొక్క ఆయనకే వదిలేశాను. మేక వైపు నుంచి కూడా ఆలోచించాలి కదా.

కాలు చూసుకుంటే నవ్వొచ్చింది. తోలు బయట నిలువునా ఒక లోహపు కడ్డీ. దాని నుంచి మేకులు తోలులోంచి ఎముకలోకి దిగి ఉన్నాయి. మేకుల్నీ కడ్డీనీ కలుపుతూ క్లాంపులు. క్లాంపులకు నట్లు. అజైబా భవనాన్ని చిన్నది చేసి నా కాలికి తొడిగారు.

రూమ్‌కు వచ్చినప్పుడు గ్యాంగ్ మొత్తం నా చుట్టూ చేరింది. “నొప్పి ఎట్లుంది” అని ఒక్కడూ అడగలేదు. అందరూ క్లాంపులు చూస్తున్నారు. రాజన్న వంగి, అటు నుంచి ఇటు నుంచి చూసి, తలాడించాడు.

“పని మంచిగనే జేశిండ్రు. గని గోడకు ఆనిచ్చే పైపు ఒక్కటి తక్కువున్నదిరా.”

“గోడ నేనే అన్నా.”

“మరి లోపల ఏం వోశిండ్రు?”

“పగడం.”

“పగడమా! అయ్యగారు జెప్తె ఎవడన్న వేలుకు వెట్టుకుంటడు. నీకు బొక్కలనే వెట్టిండ్రా? ఇగ కుజుడు నీ జోలికి రాడు వో.”

వారానికోసారి ఆస్పత్రి. అక్కడ ఎదురు చూడటమే అసలు జబ్బు, మిగతావన్నీ దాని లక్షణాలు. ఒక ముసలి ఒమానీ వచ్చేవాడు, చెయ్యి మెడకు కట్టుకుని. ఖర్జూరం చెట్టు మీది నుంచి పడ్డాడని సైగలతో చెప్పాడు. నేనూ పైనుంచే పడ్డానని సైగలతో చెప్పాను. ఆ రోజు నుంచి ఆయనది, నాది ఒకే శాఖ. నాకంటే ముందు వస్తే పక్క కుర్చీ మీద తన కర్ర అడ్డంగా పెట్టేవాడు, నేను వచ్చేదాకా ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. పొద్దంతా ఉపవాసం ఉన్న మనిషి, నేను కుంటుతూ వస్తుంటే లేచి కర్ర తీసేవాడు. మా మధ్య ఒక్క భాష లేదు. అందుకే కావచ్చు, గండం తప్పిందని ఆయన ఒక్కసారీ అనలేదు.

1995, ఎండలు ముదిరేటప్పుడు

రంజాన్ పండుగ వెళ్లిన తర్వాత డాక్టరు ఎక్స్‌రే చూసి సంతోషించాడు. రవ్వల మధ్య తెల్లటి మబ్బులాంటిది కనిపించింది. కణాలు డ్యూటీ ఎక్కాయి. ఆయన చిన్న పానా తీసి కడ్డీ మీది నట్టును తిప్పాడు. నర్సుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నాతో ఒక్క మాట అన్నాడు. “ఇక నుంచి కాలి మీద కొంచెం కొంచెం బరువు వెయ్యి. నడువు.”

నట్టు బిగించాడని అనుకున్నాను. నట్టు ముట్టుకున్నవాడు బిగించక ఏం చేస్తాడు?

వచ్చిన శుక్రవారం పొద్దున. రూమ్‌లో అందరూ ఉన్నారు. రాజన్న నా కాళ్ల దగ్గర కూర్చుని ఛాయ్ తాగుతూ, మాటల మధ్యలో క్లాంప్ మీద చెయ్యి వేశాడు. చెయ్యి ఆగిపోయింది.

“అరె! గిది లూజున్నదిరా!”

“ఏది?”

“గీ నట్టు. జూడు, ఎట్ల తిరుగుతున్నదో. గా దవాఖానోళ్లు కండ్లు ఏడ వెట్టుకున్నరు? గింత పెద్ద డాక్టరు, ఒక్క నట్టు సక్కగ బిగియ్యరాదా?”

నడుము నుంచి సైట్ పానా తీశాడు. నోరు పెద్దది, పట్టలేదు. పెట్టెలోంచి చిన్నది వెతికి, లుంగీకి తుడిచి, నట్టు పట్టి తిప్పాడు. నాలుక బయటపెట్టి, కన్ను మూసి, ఆఖరి తిప్పు తిప్పాడు. రూమంతా ఊపిరి పీల్చుకుంది.

“ఇగ కదలదు,” అన్నాడు.

నిజమే, కదల్లేదు. అంతకుముందు నడిస్తే లోపల సలిపేది. ఆయన బిగించాక నొప్పే లేదు. ఆయన చేతి మహిమ అని అందరికీ చెప్పాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం తనిఖీ జరిగేది.

పండుగ తర్వాత ఆస్పత్రికి వారం వారం రానక్కర్లేదన్నారు. మళ్లీ ఎక్స్‌రే తీసేసరికి బయట ఎండ మండుతోంది. లోపల డాక్టరు మండాడు. పాత ఫిల్ము, కొత్త ఫిల్ము పక్కపక్కన పెట్టాడు. తెల్ల మబ్బు ఎక్కడున్నది అక్కడే ఉంది. కాలి మీది చట్రం చూశాడు. నట్టు అంచులు గీసుకుపోయి ఉన్నాయి.

“ఎవరు బిగించారు దీన్ని?”

“మా పెద్దాయన. లూజుగా ఉంటే...”

“లూజు చేసింది నేను!”

అప్పుడు చెప్పాడు, మొదటే చెప్పాల్సింది. పరంజా బరువంతా మోస్తుంటే గోడకు పని ఉండదు. నట్టు వదులు చేస్తే నా ఒంటి బరువు కొత్త ఎముక మీద పడుతుంది. బరువు పడితేనే ఆ కణాలు ఎముక గట్టిగా కడతాయి. పడకపోతే కూర్చుంటాయి. మా స్టోర్‌కీపర్‌లాగా, ఎవడైనా అరిస్తే తప్ప లేవవు.

“ఈ మాట అప్పుడే చెప్పొచ్చు కదా సార్?” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. “మాది నట్లు బిగించే గ్యాంగ్. లూజు నట్టు పెట్టి పంపితే ఏం చేస్తాం?”

ఆయన రెండు ఫిల్ములూ కిందికి దించాడు. “చెప్పాల్సింది,” అన్నాడు. పెద్ద డాక్టరు నోట ఆ మాట విన్నాక కోపం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇక ఆయన మీద పడటానికి వీల్లేదు. “బిగించినవాణ్ని తీసుకురా,” అన్నాడు.

మిగిలిన కోపమంతా రూమ్‌కు మోసుకెళ్లాను. రాజన్న డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు.

“నీ పానా తీస్కపోయి సముద్రంల పారెయ్ అన్నా! నా కాలు ఏమన్న నీ సైట్ అనుకున్నవా? నెల్ల తరబడి పెరిగిన బొక్కను పండవెట్టినవ్! ఎవడు బిగియ్యమన్నడు నిన్ను?”

రాజన్న ఒక చెప్పు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“ఆనాడు నేను సూశిన,” అన్నాడు.

“ఏం సూశినవ్?”

“ఫోర్‌మన్ కింది పైపులు ఇప్పిస్తుంటె. వద్దు సాబ్ అన్న. ‘రేపు మల్ల బిగిద్దాం, నీ పని నువ్వు జూస్కో’ అన్నడు. నోరు మూస్కున్న. నువ్వు అన్నం తిని వచ్చి ఎక్కినవ్. పిలుద్దామనుకునేటాళ్లకు... గప్పటిసంది లూజు నట్టు కనవడితె నా చెయ్యి ఆగుతలేదు మల్లేశా.”

ఇక్కడ నేను ఆయన్ను కౌగిలించుకున్నానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. చాలా రోజులు మాట్లాడలేదు. ఆయన మాత్రం ఛాయ్ పెట్టి నా మంచం పక్కన ఉంచి పోయేవాడు. తాగేవాణ్ని. కోపం వేరు, ఛాయ్ వేరు.

మాటల్లేకుండానే ఇద్దరం బౌషర్ వెళ్లాం. డాక్టరు తిడతాడనుకున్నాను. ఆయన తన పానా తీసి రాజన్న చేతిలో పెట్టాడు.

“నువ్వే విప్పు.”

“నాతోటి గాదు సాబ్.”

“నువ్వు విప్పితేనే మళ్లీ బిగించవు.”

రాజన్న నా కాలి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏడో అంతస్తులో ఒంటి కాలి మీద నిలబడి పైపు అందుకునే మనిషి, ఆ చిన్న పానాను రెండు చేతులా పట్టుకున్నాడు. కొంచెం తిప్పాడు. డాక్టరు ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం తిప్పాడు.

“లేచి నిలబడు,” అన్నాడు డాక్టరు నాతో.

నిలబడ్డాను. నొప్పి కాలి లోపలి నుంచి తుంటి దాకా పాకింది. కొత్త ఎముకకు మొదటి రోజు డ్యూటీ. రాజన్న వైపు చూస్తే కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

“పడలేదన్నా,” అన్నాను. “కండ్లు తెరువు.”

అలా మాటలు కలిశాయి.

కలిసిన వారానికే ఫోర్‌మన్ రూమ్‌కు వచ్చాడు. కంపెనీ ఇక నన్ను ఉంచదట, వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తుందట. “ఇంటికి పోయి హాయిగా రెస్ట్ తీసుకో,” అన్నాడు, నాకేదో బహుమతి తెచ్చినట్టు. చట్రం కాలికే ఉంది. విప్పడానికి ఇంకో రెండు నెలలన్నాడు డాక్టరు. ఫోర్‌మన్‌కు అది చెప్తే, “చంక కర్రలతో కూడా విమానం ఎక్కొచ్చు,” అన్నాడు.

రాజన్న స్నానం చేసి తువ్వాలు కట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాడు. మర్నాడు డ్యూటీ మానేసి, అజైబా ఆఫీసుకు నన్ను కూడా ఎక్కించుకుని పొమ్మని ఖాజా భాయితో చెప్పాడు.

మేనేజర్ గదిలో ఏసీ చల్లగా ఉంది. ఫోర్‌మన్ అక్కడే ఉన్నాడు. రాజన్న తనకొచ్చిన హిందీలో, పని చెప్పినట్టు చెప్పాడు. “పైపులు ఇప్పించింది ఈయన. చూసింది నేను. ఆపనిది కూడా నేనే. వీని కాలు బాగుకాకముందు పంపిస్తే, ఇదే మాట పోలీసుల ముందర చెప్తా.”

మేనేజర్ ఏసీ వైపు చూశాడు. తర్వాత ఫోర్‌మన్ వైపు చూశాడు. మమ్మల్ని బయట కూర్చోమన్నాడు.

నా వీసా ఆగింది. ఫోర్‌మన్‌కు శిక్ష పడింది: ఎండలో తిరగకుండా స్టోర్‌లో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. రాజన్న కాంట్రాక్టు అయిపోవచ్చింది. దాన్ని కొత్తగా రాయలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. అడిగితే, “పని తక్కువున్నది” అన్నారు. రుసైల్‌లో కొత్త గోడౌన్ ఇంకోటి లేస్తోంది ఆ రోజుల్లోనే.

నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. కాలు బాగయింది కదా, ఇక మరిచిపో అంటారు. కాలు బాగుచేసింది డాక్టరు, పగడం, నా మజ్జ. మరిచిపొమ్మని వాటిలో ఒక్కటీ చెప్పలేదు.

1995, ఎండలు తగ్గుతుండగా

చట్రం విప్పారు. మేకులు తీసిన చోట మచ్చలు వరసగా ఉన్నాయి, గోడకు పరంజా విప్పాక మిగిలే గుంతల్లాగా. ఎక్స్‌రేలో రవ్వలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. కొన్నేళ్లకు అవీ పోతాయన్నాడు డాక్టరు. వెయిటింగ్ రూమ్‌లో ముసలాయన నా కాలు చూసి, తన కర్ర నాకు ఇవ్వబోయి, అవసరం లేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుని నవ్వాడు.

రాజన్న వెళ్లే రోజు ఖాజా భాయి బండిలో సీబ్ ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. ఆయన కార్టన్ డబ్బా నేనే మోశాను. వద్దన్నాడు. “బరువు వెయ్యమన్నది డాక్టరు,” అన్నాను. బండి దగ్గర నుంచి తలుపు దాకా నా రెండు కాళ్ల మీద మోసుకెళ్లి ట్రాలీలో పెట్టాను. రాజన్న వెనకే నడుస్తూ, నా మొహం కాదు, కాలే చూస్తూ వచ్చాడు.

“మల్ల ఏడికి పోతవ్ అన్నా?”

“ఊర్ల పని లేదా ఏంది? పోయినంక సూద్దాం. నువ్వు మాత్రం పైకి ఎక్కుడు బందు వెట్టు.”

“కింద పని ఇస్తమన్నరు. స్టోర్‌ల. ఫోర్‌మన్ పక్క కుర్చీ.”

“ఓర్నీ!” అని నవ్వాడు. చాలా నెలల తర్వాత ఆయన నవ్వడం అదే.

ట్రాలీ తోశాడు. ముందు చక్రం ఒకటి లటలటా ఊగింది. రాజన్న ఆగాడు. వంగాడు. చక్రం దగ్గరి నట్టు మీద వేళ్లు పెట్టి, అక్కడే ఆగి, తలెత్తి నా వైపు చూశాడు, అనుమతి అడుగుతున్నట్టు.

“బిగించు అన్నా,” అన్నాను. “అది ట్రాలీ.”